రెండు టీ4లు, కాకినాడలో ఒక డిపాజిట్: ఏ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ చేయాలి?

కాకినాడ కాజా (బ్రాంప్టన్)
మార్చి 8, 2025

అందరికీ నమస్కారం. మేం 2023 మేలో కెనడాకి పీఆర్ (శాశ్వత నివాసం) మీద వచ్చాం. నేను, మా ఆయన, మూడేళ్ల బాబు. పోయినేడు టాక్స్ ఫైలింగ్ మా ఇంటి పక్క ప్లాజాలో ఒకాయన దగ్గర చేయించాం. ఇద్దరికీ కలిపి 140 డాలర్లు తీసుకుని పావుగంటలో తేల్చేశారు. ఓస్, ఇంతేనా అనుకుని పక్కనే టీ తాగి ఇంటికొచ్చాం.

నవంబరులో సీఆర్ఏ (ఇక్కడి పన్నుల శాఖ) నుంచి కవరు వచ్చింది. ఊరి నుంచి తెచ్చుకున్న డబ్బు ఇక్కడొక బ్యాంకులో సేవింగ్స్ ఖాతాలో వేసి ఉంచాను. దాని మీద 412 డాలర్లు వడ్డీ వచ్చిందట, అది రిటర్నులో లేదట. ఆ వడ్డీ చూపించే టీ5 స్లిప్పు పోస్టులో రాలేదు. బ్యాంకు సైట్‌లో డాక్యుమెంట్స్ అని ఒక మూల ఉంటుంది చూడండి, అక్కడ ఫిబ్రవరి నుంచీ పడుంది. ప్లాజాలో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పన్ను, దాని మీద వడ్డీ కలిపి 90 చిల్లర కట్టాం. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ కవరు చూసిన టెన్షన్‌కి మా ఆయనకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అందుకే ఈసారి నేనే కూర్చుని చేద్దామనుకుంటున్నా. ఆగస్టు చివర్లో ఉద్యోగం మారాను కాబట్టి నాకు రెండు టీ4లు (కంపెనీ ఇచ్చే జీతం స్లిప్పులు) వచ్చాయి. మొదటిదాంట్లో బాక్స్ 14లో (జీతం) 52,000, బాక్స్ 18లో (ఈఐ, అంటే నిరుద్యోగ బీమా కోత) 863.20 ఉంది. రెండోదాంట్లో 30,000, 498. కొత్త కంపెనీ వాళ్లు సీపీపీ (పెన్షన్ కోత), ఈఐ రెండూ మళ్లీ మొదటి నుంచి కోశారు. ఇది వాళ్ల పొరపాటా? హెచ్ఆర్‌తో మాట్లాడమంటారా?

ఇంకోటి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో దాచుకున్న 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ కాకినాడ బ్రాంచిలో ఉంది. ఇక్కడికి వచ్చాక ఖాతాని ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతా) చేయించాను. పోయినేడు 84,000 రూపాయలు వడ్డీ వస్తే అందులో 26,208 టీడీఎస్ పట్టుకున్నారు. అక్కడ పన్ను కోశాక ఇక్కడ కూడా చూపించాలా?

సాఫ్ట్‌వేర్లు చూస్తే బుర్ర తిరుగుతోంది. వెల్త్‌సింపుల్ టాక్స్, టర్బోటాక్స్, యూఫైల్, హెచ్ అండ్ ఆర్ బ్లాక్, స్టూడియోటాక్స్... ఏది వాడితే రిఫండ్ ఎక్కువ వస్తుంది? డాలస్‌లో ఉన్న మా తోడికోడలు "ఇద్దరూ జాయింట్‌గా ఫైల్ చేయండి, కలిసొస్తుంది" అంటోంది. మనకూ అలా ఉందా?


401 ట్రాఫిక్ (స్కార్‌బరో)
మార్చి 8, 2025

నేను నాలుగేళ్లుగా టర్బోటాక్స్. ఆటోఫిల్ నొక్కడం, నెక్స్ట్, నెక్స్ట్, సబ్మిట్. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. ఎక్కువ ఆలోచించకండి.


పాత కాపు (మిసిసాగా)
మార్చి 9, 2025

401 తమ్ముడూ, నీకు ఒక ఉద్యోగం, ఒక టీ4 అయితే నువ్వన్నది నిజమే. కాజా గారి సంగతి వేరు.

ముందు రిఫండ్ ప్రశ్న తీసేద్దాం. ఫలానా సాఫ్ట్‌వేర్ వాడితే ఎక్కువ రావడం అంటూ ఏమీ ఉండదు. సీఆర్ఏ తన సొంత సాఫ్ట్‌వేర్ ఏదీ ఇవ్వదు. బయటి కంపెనీలవాటిని ఏటా పరీక్షించి, నెట్‌ఫైల్‌కి (రిటర్ను ఆన్‌లైన్‌లో పంపడానికి) పనికొచ్చేవాటి జాబితా తన సైట్‌లో పెడుతుంది. ఆ జాబితాలో ఉన్న దేనిలోనైనా అవే అంకెలు పెడితే అదే జవాబు రావాలి. నేను 2008లో వచ్చాను. అనుమానం మనిషిని కదా, ఒక ఏడాది మా ఇద్దరి రిటర్నులూ రెండు సాఫ్ట్‌వేర్లలో విడివిడిగా చేసి చూశాను. 38 డాలర్లు తేడా వచ్చింది. రాత్రి పన్నెండింటిదాకా వెతికితే తేలిందేమిటంటే, ఒకదాంట్లో మా ఆవిడ యూనియన్ చందా నేనే కొట్టడం మర్చిపోయాను. అది పెట్టాక సెంటు తేడా లేదు. ఆ రాత్రి గురించి ఆవిడ ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది.

కాబట్టి పట్టుచీర ఎంచినట్టు రోజంతా ఎంచక్కర్లేదు. మీకు కావలసిన ఫారాలు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. ఇండియాలో కోసిన పన్నుకి ఇక్కడ మినహాయింపు అడగాలంటే టీ2209, దానికి జోడీగా ఒంటారియోకి టీ2036 కావాలి. ఒకవేళ అవసరం పడితే టీ1135 (విదేశీ ఆస్తుల వివరాల ఫారం). ఆ తర్వాతే ధర. వెల్త్‌సింపుల్‌లో మనకు తోచినంత ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోయినా రిటర్ను వెళ్తుంది. మన వివరాలు వేరేవాళ్ల సర్వర్‌లో ఉండటం ఇష్టం లేనివాళ్లు స్టూడియోటాక్స్ లాంటిది కంప్యూటర్‌లోకి దించుకుని చేసుకుంటారు. పోయినేడు వాడినదే ఈ ఏడూ వాడితే పాత వివరాలు తిరిగి కొట్టే పని తప్పుతుంది. అంతకుమించి ఇందులో పెద్ద రహస్యం లేదు.

అసలు పని స్లిప్పుల దగ్గర ఉంది. ఆటోఫిల్ బటన్ నొక్కిన రోజుకి సీఆర్ఏ దగ్గర ఏమున్నాయో అవే వచ్చి కూర్చుంటాయి. మీకు ఏమేం రావాలో దానికేం తెలుసు? టీ4, టీ5 ఫిబ్రవరి ఆఖరుకల్లా ఇవ్వాలి. మ్యూచువల్ ఫండ్ల టీ3లకు మార్చి ఆఖరుదాకా గడువు ఉంది. ఫిబ్రవరిలో నెట్‌ఫైల్ తెరిచిన రోజే పరుగెత్తి పంపినవాళ్లు ఏప్రిల్లో మళ్లీ సవరణలు చేసుకుంటూ కూర్చోవడం చాలాసార్లు చూశాను.

నేను చేసేది చెబుతాను. మొదట ఆటోఫిల్ జోలికి పోను. ఒక తెల్లకాగితం తీసుకుని ఆ ఏడాది జనవరి నుంచి డిసెంబరు దాకా నాకు డబ్బు ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో రాస్తాను. ఉద్యోగాలు, బ్యాంకు ఖాతాలు (మధ్యలో మూసేసినవి కూడా), షేర్లు అమ్మితే అవి, ఉద్యోగం లేని నెలల్లో ఈఐ తీసుకుంటే టీ4ఈ. పక్కన ఏ స్లిప్పు రావాలో రాసి, వచ్చినదానికల్లా టిక్కు పెడతాను. మా ఇంట్లో ఈ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద మార్చి అంతా వేలాడుతుంది. అన్నిటికీ టిక్కు పడ్డాకే ఆటోఫిల్.

ఇంత చెప్పే నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. టీ4 చేత్తో టైపు చేసేసి, తర్వాత ఆటోఫిల్ కూడా నొక్కాను. అదే స్లిప్పు రెండుసార్లు ఎక్కింది. 15000 లైన్‌లో మొత్తం ఆదాయం చూసి, నేనేనా ఇంత సంపాదించింది అని కాసేపు సంతోషించి, తర్వాత కంగారుపడ్డాను. అప్పటి నుంచి పంపేముందు క్యాలిక్యులేటర్‌తో రెండు కూడికలు చేస్తాను. అన్ని టీ4ల బాక్స్ 14 కలిపితే 10100 లైన్ రావాలి. అన్ని స్లిప్పుల్లోనూ కోసిన ఇన్‌కమ్ టాక్స్ కలిపితే (టీ4లో అది బాక్స్ 22) 43700 లైన్ రావాలి. రాకపోతే ఏదో రెండుసార్లు పడింది, లేదా ఏదో పడలేదు.

ఇక టీ4ని డిసెంబరు ఆఖరి పే స్టబ్ పక్కన పెట్టుకుని చూడండి. అంకెలు కాస్త తేడాగా ఉంటే వెంటనే గాభరా పడకండి. కంపెనీ కట్టే గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్స్ లాంటివి బాక్స్ 40లో చూపించి, బాక్స్ 14లో కూడా కలుపుతారు. డిసెంబరులో చేసిన పనికి జీతం జనవరిలో పడితే అది జనవరి ఏడాదికే వెళ్తుంది.

మీ ఈఐ సంగతి. కొత్త కంపెనీది పొరపాటు కాదు. మీరు పాత చోట ఎంత కట్టారో వాళ్లకు సంబంధం లేదు, మొదటి డాలరు నుంచి కోయాల్సిందే. హెచ్ఆర్‌ని కదపకండి. 2024కి ఒక మనిషి కట్టాల్సిన ఈఐ గరిష్ఠం 1,049.12. మీవి రెండూ కలిపితే 1,361.20. ఎక్కువైన 312.08 రిటర్నులో 45000 లైన్ దగ్గర మీకే తిరిగొస్తుంది. సీపీపీ కూడా అదే పద్ధతి, గరిష్ఠం 3,867.50, కానీ జీతం 68,500 దాటినచోట సీపీపీ2 అని కొత్తగా ఒక మెలిక పెట్టారు. మీది మొత్తం 82,000 కాబట్టి అది తగులుతుంది. ఆ లెక్క షెడ్యూల్ 8లో సాఫ్ట్‌వేర్ చేసుకుంటుంది, మీరు చేత్తో చేయబోకండి. రెండు టీ4లూ సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకుంటే చాలు.

పోయినేటి 412 గురించి ఒక్క మాట. ఒక ఏడాది 500 డాలర్లో అంతకంటే ఎక్కువో ఆదాయం చూపించకుండా, అంతకుముందు మూడేళ్లలో కూడా ఒకసారి అలాగే చేసి ఉంటే, వట్టి వడ్డీతో పోదు, విడిగా జరిమానా పడుతుంది. మీది 500 లోపు కాబట్టి ఆ లెక్కలోకి రాదు.

ఇండియా డిపాజిట్ గురించి తీరిగ్గా రాస్తాను. ఇవాళ మనవరాలి పుట్టినరోజు.


విన్నిపెగ్ చలి
మార్చి 10, 2025

పాత కాపు గారు రాయకుండా వదిలిందొకటి నేను రాస్తాను. జాయింట్ ఫైలింగ్ అమెరికాలో, మనకు లేదు. ఇక్కడ ఎవరి రిటర్ను వాళ్లదే. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరినీ జత చేసి చేయండి. విరాళాలు, మందుల ఖర్చులు ఎవరి వైపు వేస్తే లాభమో అది చెబుతుంది. బాబు డేకేర్ రశీదులు మాత్రం మామూలుగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లే వాడుకోవాలి. ఏడేళ్లలోపు పిల్లలకు 8,000 దాకా. ఇద్దరిలో ఒకరికి ఆదాయం సున్నా అయినా ఇద్దరూ ఫైల్ చేయాలి, లేకపోతే చైల్డ్ బెనిఫిట్ ఆగిపోతుంది. మా పక్కింటి వాళ్లకు జులైలో అలాగే ఆగింది. ఆవిడకు ఉద్యోగం లేదు కదా, ఫైలింగ్ ఎందుకని ఊరుకున్నారు.

నేను నర్సుని, ఒకేసారి రెండు చోట్ల చేస్తాను. ఆటోఫిల్ చేసినా స్క్రీన్ మీది అంకెల్ని స్లిప్పుతో ఒక్కో బాక్సూ వేలు పెట్టి చూస్తాను. ఒక ఏడాది కంపెనీ వాళ్లు టీ4 సవరించి మళ్లీ పంపారు, నా దగ్గర పాతది, సీఆర్ఏ దగ్గర కొత్తది. అలా చూడబట్టే తెలిసింది.


విండ్సర్ కుర్రాడు
మార్చి 10, 2025

నేను స్టూడెంట్ అన్నా, జాబ్ లేదు. నాకు ఏ స్లిప్పూ పోస్టులో రాలేదు. ఫైల్ చేయాలా?


పాత కాపు (మిసిసాగా)
మార్చి 11, 2025

చెయ్ బాబూ. కాలేజీ పోర్టల్‌లో టీ2202 (కట్టిన ఫీజు స్లిప్పు) ఉంటుంది, దించుకో. ఇప్పుడు వాడుకోకపోయినా ఆ ఫీజు క్రెడిట్ ముందు ఏళ్లకు నిలవ ఉంటుంది, ఉద్యోగం వచ్చాక పనికొస్తుంది. కట్టిన అద్దె ఒంటారియో ఫారం ఓఎన్-బెన్‌లో రాయడం మర్చిపోకు. ఇంటి ఓనరు పేరు, ఏ అడ్రసులో ఎన్ని నెలలు ఉన్నావో అడుగుతారు.

కాజా గారూ, ఇక మీ కాకినాడ. మీరు ఇక్కడ రెసిడెంట్ కాబట్టి ప్రపంచంలో ఎక్కడ వడ్డీ వచ్చినా ఇక్కడ చూపించాల్సిందే, 12100 లైన్‌లో. ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) అయితే ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకునేవాళ్లు మనవాళ్లలో కోకొల్లలు. ఆ మినహాయింపు అక్కడిదే, ఇక్కడ చెల్లదు.

మెలిక ఏడాది దగ్గర ఉంది. మీ బ్యాంకు ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్, 26ఏఎస్ (అక్కడ కోసిన పన్ను పట్టిక) అన్నీ ఏప్రిల్ నుంచి మార్చి లెక్క. ఇక్కడ జనవరి నుంచి డిసెంబరు. మీరు రాసిన 84,000 ఏ ఏడాదిదో చూసుకోండి. నెట్ బ్యాంకింగ్‌లో 2024 జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు వడ్డీ స్టేట్‌మెంట్ తీసి, బ్యాంక్ ఆఫ్ కెనడా ఏడాది సగటు రేటుతో డాలర్లు చేయండి. 84,000 అంటే అటూఇటూగా 1,375 డాలర్లు. టీడీఎస్ కోయకముందు ఉన్న మొత్తం వేయాలి, చేతికి వచ్చింది కాదు.

ఇక ఆ 26,208. అది 31.2 శాతం. ఇండియా, కెనడాల మధ్య పన్ను ఒప్పందం ప్రకారం వడ్డీ మీద ఇండియా కోయగలిగింది 15 శాతమే, అంటే 12,600. ఇక్కడ క్రెడిట్ కూడా ఆ మేరకే అడగాలి. మిగతా 13,608 కోసం ఇండియాలో రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. వచ్చే ఏడాది నుంచి ఈ తలనొప్పి లేకుండా ఉండాలంటే సీఆర్ఏ నుంచి రెసిడెన్సీ సర్టిఫికెట్ తెప్పించి, ఫారం 10ఎఫ్‌తో కలిపి బ్రాంచిలో ఇవ్వండి. మొదటే 15 శాతం కోస్తారు. నేను ఇచ్చాను. మా బ్రాంచిలో ఆ కాగితం చూసి మేనేజరు గారు మూడు రోజులు ఆలోచించారు, అది వేరే కథ.


కాకినాడ కాజా (బ్రాంప్టన్)
మార్చి 16, 2025

బాబాయ్ గారూ, మీ ఫ్రిజ్ కాగితం మా ఫ్రిజ్ మీదకీ వచ్చింది. నిన్న రాత్రి బాబు పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద అన్నీ పరిచాం. రాస్తూ ఉంటే మా ఆయన "మార్చిలో మూసేసిన బ్యాంకు ఖాతా ఏమైంది?" అన్నారు. అందులోకి ఇక లాగిన్ కాలేం. బ్రాంచికి ఫోన్ చేస్తే 61.20 డాలర్లకు టీ5 ఉందని చెప్పి, కాపీ పోస్టులో పంపుతామన్నారు. ఇంకో ఖాతాలో 31 డాలర్లు వడ్డీ వచ్చింది, దానికి స్లిప్పే లేదు. అది వదిలేయొచ్చా? రెండో డౌట్, మా ఆయన ఫిబ్రవరిలో ఆర్ఆర్ఎస్‌పీలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) 2,000 వేశారు. అది ఈ ఏడాది రిటర్నులోనా, వచ్చే ఏడాదిలోనా?

మూడోది మీరు టీ1135 అన్నారు కదా, దాని గురించి చదివి నిద్ర పట్టలేదు. కాకినాడ పక్కన నాన్నగారు నా పెళ్లికి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన ఇళ్ల స్థలం ఒకటి ఉంది. నేను దాన్ని ఎప్పుడూ ఆస్తి అని అనుకోలేదు.


పాత కాపు (మిసిసాగా)
మార్చి 17, 2025

31 డాలర్లు కూడా రాయండి అమ్మా. 50 లోపు అయితే బ్యాంకు స్లిప్పు ఇవ్వక్కర్లేదు, మనం చూపించక్కర్లేదని కాదు. ఆర్ఆర్ఎస్‌పీలో ఏడాది మొదటి 60 రోజుల్లో వేసింది (ఈసారి మార్చి 3 దాకా) 2024 రిటర్నులో చూపించాలి. మినహాయింపు ఇప్పుడే వాడుకోవాలా, తర్వాత వాడుకోవాలా అన్నది మీ ఇష్టం. ఎఫ్‌హెచ్ఎస్ఏకి (మొదటి ఇంటి పొదుపు ఖాతా) మాత్రం ఈ 60 రోజుల సౌకర్యం లేదు, రెండూ కలిపేసుకోకండి.

టీ1135 అనేది విదేశీ ఆస్తుల కొన్న ఖరీదు అంతా కలిపి ఏడాదిలో ఎప్పుడైనా లక్ష కెనడా డాలర్లు దాటితే వేసేది. దానికి పన్నేమీ ఉండదు, వివరాలు చెప్పడమే. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఏడాది మినహాయింపు. మీరు 2023లో వచ్చారు కాబట్టి 2024కి అది లేదు. వలస వచ్చినవాళ్లకు ఖరీదు అంటే ఇక్కడ రెసిడెంట్ అయిన రోజున ఉన్న మార్కెట్ ధర. నాన్నగారు ఎంతకు కొన్నారో ఇక్కడ లెక్కలోకి రాదు. మీ సొంత వాడకానికి ఉంచుకున్న ఆస్తిని వదిలేయొచ్చు, కానీ ఖాళీ స్థలం దాని కిందకు వస్తుందా అంటే నేను మాత్రం చేర్చే లెక్క వేస్తాను. 2023 మేలో స్థలం ధర ఎంత ఉండేది?


కాకినాడ కాజా (బ్రాంప్టన్)
మార్చి 17, 2025

నాన్నగారిని అడిగాను. "ఎందుకమ్మా, అమ్మేస్తావా?" అని గొంతు మార్చేశారు. కాదు నాన్నా, టాక్స్ ఫారం కోసం అని చెప్పడానికి అరగంట పట్టింది. 45 లక్షలు పలికేదట.


పాత కాపు (మిసిసాగా)
మార్చి 17, 2025

45, 12 కలిపి 57 లక్షలు. డాలరుకి 61 రూపాయలు వేసుకుంటే 93,000 పైచిలుకు. లక్ష గీతకు ఇవతలే ఉన్నారు, కానీ అంచు మీద. అక్కడి సేవింగ్స్ ఖాతాల్లో, షేర్లలో, చీటీల్లో ఇంకేమైనా ఉందేమో గట్టిగా చూసుకోండి. అన్నీ కలిపి దాటితే మాత్రం రిటర్నుతోపాటే వేసేయండి. ఆలస్యమైతే రోజుకు 25 డాలర్ల చొప్పున 2,500 దాకా వేస్తారు, పన్ను బకాయి ఒక్క డాలరు లేకపోయినా సరే. స్థలం ధర ఎలా వేశారో, నాన్నగారు చెప్పిన మాటకు ఆధారంగా ఆ చుట్టుపక్కల ఆ నెల రిజిస్ట్రేషన్ కాగితం ఏదైనా దొరికితే, ఒక కాపీ దాచుకోండి.


కాకినాడ కాజా (బ్రాంప్టన్)
ఏప్రిల్ 19, 2025

అప్‌డేట్. సేవింగ్స్ ఖాతాలో లక్షా పదివేలు ఉంది. అది కలిపినా 95,000 దగ్గర ఆగింది. నా పేరు మీద షేర్లు లేవు, చీటీ పోయినేడే పాడుకున్నాం.

మూసేసిన ఖాతా టీ5 మార్చి 27న పోస్టులో వచ్చింది. ఆటోఫిల్ చేస్తే రెండు టీ4లూ వచ్చాయి, ఆ 61.20 కూడా వచ్చింది. 31 డాలర్లు, కాకినాడ వడ్డీ చేత్తో కొట్టాను. కాకినాడది జనవరి నుంచి డిసెంబరుకి లెక్క వేస్తే 84,000 కాదు, 82,600 తేలింది. మీరు చెప్పకపోతే ఏప్రిల్-మార్చిదే వేసేసేదాన్ని. బాక్స్ 14లు కూడితే 82,000, 10100 లైన్‌లోనూ 82,000. 45000 లైన్‌లో 312.08 కనిపించగానే మా ఆయన్ని పిలిచి చూపించాను. ఏప్రిల్ 6 రాత్రి ఇద్దరివీ పంపాం, 16న నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (రిటర్ను చూశాక సీఆర్ఏ ఇచ్చే కాగితం) సీఆర్ఏ సైట్‌లోని మై అకౌంట్‌లో పడింది. మేం పంపిన అంకెలే, ఏమీ మార్చలేదు. చివరికి వెల్త్‌సింపుల్‌లోనే చేశాను, ఊరికే వదలబుద్ధి కాక 20 డాలర్లు ఇచ్చాను.

ఫ్రిజ్ మీది కాగితం ఇక తీసి పారేయొచ్చా బాబాయ్ గారూ?


పాత కాపు (మిసిసాగా)
ఏప్రిల్ 19, 2025

ఫ్రిజ్ మీంచి తీయండి, పారేయకండి. స్లిప్పులు, రశీదులు, కాకినాడ స్టేట్‌మెంట్‌తో కలిపి ఒక కవర్లో పెట్టి పైన "2024, 2030 డిసెంబరు దాకా" అని రాయండి. ఆరేళ్లు ఉంచాలి. మా ఇంట్లో ఆ కవర్లన్నీ బియ్యం డ్రమ్ము వెనక ఉంటాయి.